కారు బ్యాటరీతో కంప్యూటర్ యూపీఎస్: వాదాలు, లెక్కలు, తేలనివి

రెండూ 12 వోల్టుల బ్యాటరీలే. వాదమంతా అక్కడే మొదలవుతుంది. కంప్యూటర్ బల్ల కింద ఉండే 600 వీఏ యూపీఎస్ విప్పితే లోపల రెండు కిలోలు తూగే చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని మీద 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్లు అని రాసి ఉంటుంది. కారు బానెట్ ఎత్తితే కనిపించే బ్యాటరీ మీదా 12 వోల్టులనే ఉంటుంది. ఆంపియర్-అవర్లు మాత్రం చిన్న కారుకు 35, డీజిల్ బండికి 65, ఆపైన. కరెంటు పోయిన పావుగంటకే కీచుమంటూ చేతులెత్తేసే యూపీఎస్‌కి ఆ పెద్ద బ్యాటరీ తగిలిస్తే గంటల తరబడి నడవదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. రావలసిన ఆలోచనే.

జవాబు చెప్పేవాళ్లు మాత్రం ఎప్పుడూ రెండు గుంపులుగానే ఉన్నారు. తగిలించాం, భేషుగ్గా నడిచింది అనేవాళ్లు ఒకవైపు. ఇల్లు తగలబడుతుంది, ఆ పని చేయొద్దు అనేవాళ్లు మరోవైపు. ఇద్దరి దగ్గరా నిజం ఉంది. మొదటివాళ్లు మొదటి వారంలో చూసింది చెబుతున్నారు, రెండోవాళ్లు ఎప్పుడో ఒకరోజు జరగగలదాన్ని చెబుతున్నారు. ఈ రెండింటి మధ్య జరిగేదేమిటో లెక్కేసి చూసేవాళ్లు తక్కువ కావడం వల్ల వాదం ముడి పడిపోయింది. ఈ వ్యాసం ఆ ముడి విప్పే ప్రయత్నం.

ఒకే రసాయనం, వేర్వేరు కొలువులు

సీసపు బ్యాటరీ పాతది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగల బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ ప్లేట్లకు లెడ్ ఆక్సైడ్ ముద్ద మెత్తే పద్ధతి కనిపెట్టాక అది ఫ్యాక్టరీ సరుకైంది. ఇవాళ్టికీ లోపల ఉండేది అదే. ఒక ప్లేటు సీసం, ఇంకొకటి లెడ్ డయాక్సైడ్, మధ్యలో పలుచని యాసిడ్. వాడేకొద్దీ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ చిక్కదనం తగ్గుతుంది. ఛార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు, ఆరు సెల్స్ వరసగా కలిపితే 12.

ఈ బ్యాటరీ ప్రతి కారులోకీ చేరడానికి కారణం సెల్ఫ్ స్టార్టర్. అంతకుముందు ఇంజిన్‌ను ముందువైపు హ్యాండిల్ తిప్పి లేపేవాళ్లు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పటినుంచి కారు బ్యాటరీకి ఒకే పెద్ద పని: తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వడం. ఇంజిన్ లేచాక ఖర్చైనదంతా ఆల్టర్నేటర్ వెంటనే తిరిగి నింపేస్తుంది.

యూపీఎస్ బ్యాటరీది ఇంకో కొమ్మ. 1950ల చివర్లో జర్మనీలో సోనెన్‌షైన్ కంపెనీ యాసిడ్‌ను జెల్‌గా మార్చి, ఒలకని బ్యాటరీ తెచ్చింది. 1970ల మొదట్లో అమెరికాలో గేట్స్ కంపెనీ సన్నటి గాజునార మధ్య యాసిడ్‌ను ఇంకించే పద్ధతి తెచ్చింది. మూత బిగించి, వాల్వు పెట్టి, లోపల పుట్టిన వాయువులు లోపలే కలిసిపోయేలా చేసిన ఈ రకం బ్యాటరీ వల్లనే యూపీఎస్ ఆఫీసు బల్ల మీదికి రాగలిగింది. 1981లో ఎంఐటీ ఇంజినీర్లు మొదలుపెట్టిన అమెరికన్ పవర్ కన్వర్షన్ 1984లో యూపీఎస్‌లు అమ్మడం మొదలుపెట్టింది. పర్సనల్ కంప్యూటర్ విస్తరించే కొద్దీ ఆ సరుకూ విస్తరించింది.

మన దగ్గర కథ కంప్యూటర్‌కు ముందే మొదలైంది. 12 వోల్టులతో నడిచే చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలు అమ్మిన రోజుల్లో, కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పి టీవీకి తగిలించడం పల్లెల్లో వింతేమీ కాదు. డీటీపీ సెంటర్లు, ఆ తర్వాత నెట్ సెంటర్లు వచ్చినప్పుడు అదే అలవాటు యూపీఎస్‌కి పాకింది. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు ఎంత తీవ్రమంటే పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ప్రకటించారు. ఇలాంటి వేసవి వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న కొత్తగా లేస్తుంది. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ బ్యాటరీలను వాహనాలకు ఒక రకం, యూపీఎస్‌లకు క్వాంటా పేరుతో ఇంకో రకం అమ్ముతారు. రెండు రకాలు ఎందుకున్నాయో చూస్తే సగం వాదం తేలిపోతుంది.

ప్లేటు మందం చెప్పే సంగతి

సెకన్లలో వందల ఆంపియర్లు రావాలంటే యాసిడ్‌కు తగిలే వైశాల్యం ఎక్కువగా ఉండాలి. అందుకే కారు బ్యాటరీలో ప్లేట్లు పలచగా, ఎక్కువ సంఖ్యలో, స్పాంజిలా గుల్లగా ఉంటాయి. ఒక్కో స్టార్ట్‌కి అది పోగొట్టుకునేది దాని మొత్తంలో ఒకటి నుంచి మూడు శాతం. ఆ తీరులో అయితే ఏళ్లపాటు వేల స్టార్ట్‌లు ఇస్తుంది. అదే బ్యాటరీని అడుగంటా వాడి, నింపి, మళ్లీ అడుగంటా వాడితే ప్లేట్ల మీది ముద్ద ఉబ్బి, కుంచించి, రాలి అడుగున పడుతుంది. అలాంటి లోతైన వాడకాలు కొన్ని పదులు దాటేసరికి బ్యాటరీలో పస ఉండదు. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీలో పాజిటివ్ ముద్దను గొట్టాల్లాంటి తొడుగుల్లో బిగిస్తారు కనుక అది రాలదు. వెయ్యికి పైగా సైకిళ్లు (వాడి, నింపడం ఒక సైకిల్) వస్తాయని తయారీదారులు చెప్పుకునేది అందుకే.

ఈ ఒక్క తేడా నుంచి ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. కరెంటు ఎప్పుడో ఒకసారి పోయి, ఐదు పది నిమిషాల్లో తిరిగివచ్చే చోట యూపీఎస్‌కి 65 ఆంపియర్-అవర్ల కారు బ్యాటరీ తగిలించారనుకుందాం. ఒక్కో కోతకు అది పోగొట్టుకునేది రెండు మూడు శాతం. అంటే అది పుట్టిన పనినే అది చేస్తోంది, హాయిగా ఉంటుంది. కానీ అక్కడ పాత చిన్న బ్యాటరీయే సరిపోతుంది కదా. రోజూ రెండు మూడు గంటలు కరెంటు పోయే చోట, అంటే పెద్ద బ్యాటరీ నిజంగా కావలసిన చోట, సరిగ్గా అది తట్టుకోలేని పనే దానికి తగులుతుంది. నా అంచనాలో ఈ వాదానికి నడుమ ఉన్న మాట ఇదే. ఇరుపక్షాలూ చుట్టూ తిరుగుతాయి గానీ దీని మీద నిలబడవు.

వద్దనేవాళ్ల మాట

యూపీఎస్ తయారీదారులు, విద్యుత్ భద్రత చూసే ఇంజినీర్లు ఈ పక్షం. వాళ్ల అభ్యంతరాల్లో కొన్ని బలమైనవి, కొన్ని తరచూ పెద్దవిగా చేసి చెప్పేవి.

అన్నిటికన్నా బలమైనది ఛార్జర్ గురించి. చిన్న యూపీఎస్ లోపలి ఛార్జర్ సాధారణంగా అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ దాకానే ఇస్తుంది. 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది చాలు, రాత్రికి రాత్రే నిండిపోతుంది. ఇప్పుడు 0.8 ఆంపియర్ల ఛార్జర్ ఉన్న యూపీఎస్‌కి 65 ఆంపియర్-అవర్ల కొత్త కారు బ్యాటరీ పెట్టి, రోజుకు రెండున్నర గంటల కోత ఉందనుకుని జమాఖర్చు రాద్దాం. కంప్యూటరు, మానిటరు కలిపి 100 వాట్లు లాగితే, యూపీఎస్ లోపల పోయే నష్టం కలిపి బ్యాటరీ నుంచి 125 వాట్ల దాకా పోతుంది. ఉజ్జాయింపుగా పది ఆంపియర్ల పైచిలుకు. మొదటి రోజు కోతలో 26 ఆంపియర్-అవర్లు ఖర్చు, మిగిలేవి 39. మర్నాటి కోత దాకా ఉన్న ఇరవై ఒకటిన్నర గంటల్లో ఛార్జర్ పంపేవి 17, నష్టాలు పోను నిలిచేవి 15. అంటే రెండో రోజు 54తో మొదలై 28కి దిగుతుంది. మూడో రోజు 43తో మొదలై 17కి. నాలుగో రోజు 32తో మొదలై 6కి. ఐదో రోజు చేతిలో ఉన్నది 21, కావలసింది 26. కోత మధ్యలోనే కంప్యూటర్ ఆగిపోతుంది. మొదటి రోజు తగిలించి సంబరపడినవాళ్లు ఐదో రోజు కొత్త బ్యాటరీని తప్పుపడతారు. తప్పు బ్యాటరీది కాదు, జమ తక్కువై ఖర్చు ఎక్కువైంది.

దీని తర్వాతది ఇంకా చేటు. సగం ఖాళీగా రోజుల తరబడి ఉండిపోయిన బ్యాటరీలో లెడ్ సల్ఫేట్ గట్టి పలుకులుగా బిగుసుకుంటుంది. ఆ పలుకులు మామూలు ఛార్జింగ్‌కు కరగవు. బండి మెకానిక్‌లు ఛార్జ్ పట్టడం లేదు అనేది చాలాసార్లు దీన్నే. పైగా యూపీఎస్ 10.5 వోల్టుల దగ్గర తనంతట తాను ఆగిపోతుంది కదా, బ్యాటరీకి రక్షణ ఉంది కదా అనుకోవడం సరికాదు. చిన్న బ్యాటరీ నుంచి దబాయించి కరెంటు లాగుతున్నప్పుడు 10.5 వోల్టులు వచ్చేసరికి లోపల ఇంకా కాస్త మిగిలి ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి నెమ్మదిగా లాగుతున్నప్పుడు 10.5 అంటే దాదాపు అడుగంటినట్టే.

రెండో బలమైన అభ్యంతరం వేడి. 600 వీఏ యూపీఎస్ అసలు బరువు మోయగలిగేది 360 వాట్లు, అదీ కొద్ది నిమిషాలు. పని సేవ్ చేసి కంప్యూటర్ ఆపుకోవడానికి పట్టే సమయం లెక్కన ట్రాన్స్‌ఫార్మర్‌ను, ట్రాన్సిస్టర్ల వెనక ఉండే అల్యూమినియం రేకును కొలిచి పెడతారు. చాలావాటికి ఫ్యాన్ ఉండదు. 300 వాట్ల లోడు మీద నడుస్తున్నప్పుడు 60, 70 వాట్లు వేడిగా మారి ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండిపోతాయి. చిన్న బ్యాటరీ ఉన్నంతకాలం అది ఖాళీ అయిపోవడమే ఒక కాపలా, డబ్బా వేడెక్కేలోగా ఆట కట్టు. పెద్ద బ్యాటరీ ఆ కాపలాను తీసేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగ మీది పూత మాడిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

మూడోది అన్నిటికన్నా తక్కువగా మాట్లాడేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు మాట్లాడవలసినది. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ వైపు సర్క్యూట్‌కూ మెయిన్స్‌కూ మధ్య విద్యుత్ తెర ఉండదు. అంటే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12 వోల్టులే ఉన్నా, ఒక టెర్మినల్‌కూ నేలకూ మధ్య 230 వోల్టుల సరఫరా తాలూకు ప్రమాదకర వోల్టేజి ఉండవచ్చు. మూత బిగించి ఉన్నంతకాలం దీనివల్ల ఎవరికీ ఏమీ కాదు. మూతకు రంధ్రం చేసి, వైర్లు బయటికి లాగి, నేల మీద పెట్టిన కారు బ్యాటరీకి క్లాంపులతో బిగించిన మరుక్షణం ఆ వోల్టేజి గదిలోకి వచ్చినట్టే. బ్యాటరీయే కదా, 12 వోల్టులే కదా అని తడి చేత్తో ముట్టుకునే పిల్లవాడికీ, డిస్టిల్డ్ వాటర్ పోయబోయే పెద్దవాళ్లకూ అది ప్రాణగండం. చాలా యూపీఎస్‌ల పుస్తకాల్లో ఈ హెచ్చరిక ఉంటుంది. ఆ పుస్తకం తెరిచి చూసేవాళ్లు తక్కువ.

ఇక హైడ్రోజన్. మూత బిగించని సీసపు బ్యాటరీ ఛార్జింగ్ చివర్లో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. నిజమే. కానీ ఎంత పుడుతుందో చూడాలి. అదనంగా పోయిన ప్రతి ఆంపియర్-అవర్‌కూ ఆరు సెల్స్ కలిపి సుమారు రెండున్నర లీటర్ల హైడ్రోజన్ ఇస్తాయి. 0.8 ఆంపియర్ల ఛార్జర్ ఇచ్చేదంతా గ్యాస్‌గానే మారినా రోజుకు 48 లీటర్లు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 28,000 లీటర్ల గాలి ఉంటుంది. అందులో 4 శాతం చేరాలంటే చీమ దూరే సందు కూడా లేకుండా మూడు వారాలకు పైగా మూసిపెట్టాలి. అదే బ్యాటరీని చూడ్డానికి బాగుండదని 100 లీటర్ల చెక్కపెట్టెలో పెట్టి తలుపు వేస్తే, అదే లెక్కన రెండు గంటలు చాలు. గదికి భయపడనక్కరలేదు, పెట్టెకు భయపడాలి. ఈ తేడా చెప్పకుండా బాంబు అని కేకలు వేయడం వల్ల ఈ పక్షం మాటకు విలువ తగ్గింది.

చేయొచ్చనేవాళ్ల మాట

ఈ పక్షంలో ఎలక్ట్రానిక్స్ రిపేర్ చేసేవాళ్లు, రేడియో ప్రయోగాలు చేసేవాళ్లు, ఉన్న సామానుతో పని గడుపుకోవలసిన చిన్న ఆఫీసులవాళ్లు ఉన్నారు. వీళ్లను తెలియనివాళ్లుగా కొట్టిపారేయడం అన్యాయం.

వాళ్ల మొదటి మాటకు శాస్త్రబలం ఉంది. బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే అది ఇచ్చే మొత్తం అంత తగ్గుతుంది. 1897లో పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని సూత్రంగా చెప్పాడు. చిన్న బ్యాటరీ మీద రాసిన 7 ఆంపియర్-అవర్లు ఇరవై గంటలపాటు నెమ్మదిగా, అంటే 0.35 ఆంపియర్ల చొప్పున లాగితే వచ్చే లెక్క. పది ఆంపియర్లు లాగితే అందులో సగం కాస్త అటూ ఇటూగా దక్కుతుంది, ఇరవై నిమిషాలు నడిస్తే గొప్ప. అదే పది ఆంపియర్లు 65 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి పెద్ద బరువేమీ కాదు. తొమ్మిది రెట్ల సైజుకు తొమ్మిది రెట్లకు మించిన బ్యాకప్ వస్తుంది.

రెండో మాట వోల్టేజి గురించి. మూత బిగించిన బ్యాటరీని యూపీఎస్ 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య నిలిపి ఉంచుతుంది. కారులో ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 13.8 నుంచి 14.4. కాబట్టి యూపీఎస్ వోల్టేజి కారు బ్యాటరీని పాడుచేయదు, కాస్త తక్కువే అవుతుంది. మూడోది హైడ్రోజన్, యాసిడ్ గురించి, దానికి వద్దనేవాళ్ల దగ్గర నిజంగా జవాబు లేదు. యాసిడ్ నింపిన ట్యూబులర్ బ్యాటరీలు తెలుగు ఇళ్లలో హాల్లో, మెట్ల కింద, వరండాలో ఏళ్లుగా ఉన్నాయి. వాటికి లేని ప్రమాదం కారు బ్యాటరీకే ఎలా వచ్చింది?

అయితే ఈ పక్షంలో జాగ్రత్తపరులు పెట్టే షరతులు చూస్తే వాళ్లు వద్దనేవాళ్లకు ఎంత దగ్గరగా ఉన్నారో తెలుస్తుంది. బ్యాటరీ వైపు మెయిన్స్‌తో తెర ఉన్న యూపీఎస్ మాత్రమే వాడాలి. లోడు దాని సామర్థ్యంలో మూడోవంతు దాటకూడదు. ఫ్యాన్ పెట్టాలి. బయటి ఛార్జర్ వేరుగా ఉండాలి. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే టెర్మినళ్ల మీద పానా అడ్డంగా పడితే కారు బ్యాటరీ నుంచి వెయ్యి ఆంపియర్లకు పైగా దూకుతాయి, పానా ఎర్రగా కాలిపోతుంది.

వైరు విషయం కాస్త ఆగి చూడాలి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో రెండు మీటర్ల దూరంలో బ్యాటరీ పెట్టారనుకుందాం. వెళ్లిరావడానికి నాలుగు మీటర్ల వైరు. దాని అవరోధం సుమారు 0.03 ఓములు. పూర్తి లోడు మీద 35 ఆంపియర్లు పోతుంటే ఒక వోల్టు వైరులోనే ఆవిరవుతుంది. బ్యాటరీ దగ్గర 11.5 వోల్టులున్నా యూపీఎస్‌కు 10.5 కనిపించి ఆపేస్తుంది, వైరు చేతికి వేడిగా తగులుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం వోల్టులో ఆరోవంతుకు దిగుతుంది. 230 వోల్టుల దగ్గర పట్టించుకోనక్కరలేని ఒక వోల్టు, 12 వోల్టుల దగ్గర ఆస్తిలో పన్నెండోవంతు.

ఇన్ని షరతులూ పాటిస్తే పని జరుగుతుంది, సందేహం లేదు. కానీ ఫ్యాను, మందపు వైరు, ఫ్యూజు, బయటి ఛార్జరు కలిపి పెట్టిన ఖర్చు, పైన బ్యాటరీ ధర కూడితే, పొదుపు కోసం మొదలుపెట్టిన పనిలో పొదుపు ఎక్కడ మిగిలిందో వెతుక్కోవాలి. ఇంకో నష్టం కూడా ఉంది. బండిలో కాక వేరే పనికి వాడిన కారు బ్యాటరీకి వారంటీ వర్తించదని తయారీదారుల షరతుల్లో సాధారణంగా ఉంటుంది.

కారులోంచి తీసేసిన బ్యాటరీ

కొత్తది కొనేవాళ్ల కన్నా ఇంట్లో పడి ఉన్న పాతదాన్ని వాడాలనుకునేవాళ్లే ఎక్కువ. బండి లేపలేకపోతోంది గానీ లైటు వెలిగిస్తోంది కదా, యూపీఎస్‌కి చాలదా అని. చాలవచ్చు. స్టార్టర్ అడిగే వందల ఆంపియర్లు ఇవ్వలేని బ్యాటరీ పది ఆంపియర్లు ఇవ్వగలదు. అయితే అది బండి లేపలేకపోవడానికి కారణం ఒక సెల్ లోపల షార్ట్ అవడమైతే సంగతి వేరు. అప్పుడు పనిచేసేవి ఐదు సెల్స్. యూపీఎస్‌కు అది తెలియదు, తన 13.6 వోల్టులూ పంపుతూనే ఉంటుంది. ఒక్కో సెల్‌కు 2.72 వోల్టులు పడతాయి. 2.4 దాటితేనే నీరు జోరుగా విడిపోతుంది కనుక, ఆ ఐదు సెల్స్ రాత్రింబవళ్లు కుతకుతలాడుతూ వేడెక్కుతాయి, యాసిడ్ తుంపర లేస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఆ వాసన వస్తే ఛార్జింగ్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లిపోవడమే. పాత బ్యాటరీ విషయంలో వద్దనేవాళ్ల పక్షమే సరైనది.

మధ్యేమార్గం: ఇన్వర్టర్, ట్యూబులర్

ఈ రెండు పక్షాల నడుమ మన దేశపు బజారే ఒక జవాబు తయారుచేసుకుంది. ఇన్వర్టర్‌ను గంటలకొద్దీ నడిచేలా, ఫ్యానుతో, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో కడతారు. దాని ఛార్జర్ 10 నుంచి 15 ఆంపియర్లు ఇస్తుంది. పైన జమాఖర్చులో ఐదో రోజుకు దివాలా తీసిన ఖాతాను ఇది రోజూ కొన్ని గంటల్లో సరిచేస్తుంది. బ్యాటరీ వైర్లు మొదటినుంచీ బయటికి ఉండేలాగే దాన్ని రూపొందిస్తారు.

ఇన్వర్టర్‌తో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందన్న ఫిర్యాదు పాతది. కరెంటు పోయాక కంప్యూటర్ లోపలి పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) తన కెపాసిటర్లలో ఉన్నదానితో పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకోవడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పట్టవచ్చు. అందుకే చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేస్తే పది మిల్లీసెకన్ల ప్రాంతంలో మారుతుంది, వోల్టేజి 180 కిందికి దిగినా బ్యాటరీ మీదికి వెళ్తుంది. ఆ స్విచ్ సంగతి తెలియక ఇన్వర్టర్ పక్కన మళ్లీ యూపీఎస్ కొన్నవాళ్లు ఎందరో. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ పెడితే, అది ఆ తరంగాన్ని కరెంటుగా గుర్తించక తన బ్యాటరీనే ఖాళీ చేసుకోవచ్చు కూడా.

పక్కపక్కన పెట్టి చూస్తే

అప్పుడప్పుడూ పోయే కరెంటు, పని సేవ్ చేసుకుంటే చాలనుకునే అవసరం: 7 ఆంపియర్-అవర్ల మూత బ్యాటరీయే సరి. ఒక వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతుంది, రెండు మూడేళ్లకోసారి మార్చాలి. కారు బ్యాటరీ ఇక్కడ బతుకుతుంది గానీ చేసేదేమీ లేదు.

రోజూ గంటల కోత, పని ఆగకూడని అవసరం: యూపీఎస్ మోడ్ ఉన్న సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్. మొదటి ఖర్చు ఎక్కువ, ఏళ్ల మీద పంచితే తక్కువ. కారు బ్యాటరీ ఇక్కడ కొన్ని నెలలు మించి నిలవదు.

తుఫాను వేళ, తెగిపోయిన లైన్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు, ఒకటి రెండు రోజుల తాత్కాలిక అవసరం: కారు బ్యాటరీకి న్యాయంగా చోటున్నది ఇదొక్కటే. అప్పుడు కూడా కంప్యూటర్ యూపీఎస్ విప్పడం కన్నా, కారు సాకెట్‌కు పెట్టే చిన్న ఇన్వర్టర్‌తో ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జ్ చేసుకోవడం మేలు.

ఇంకా తేలనివి

వేడి ఒకటి. సీసపు బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర చెబుతారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే మూత బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది స్థూలమైన సూత్రం. వేడి పెరిగే కొద్దీ ఛార్జింగ్ వోల్టేజి కూడా తగ్గించాలి, 40 డిగ్రీల గదిలో 0.3 వోల్టుల దాకా. రెంటచింతల, కొత్తగూడెం లాంటి చోట్ల మే నెలలో ఏసీ లేని గదిలో మూత బ్యాటరీ ఎండిపోతుంటే, నీళ్లు పోసుకోగల బ్యాటరీ ఎక్కువ ఓర్చుకుంటుందన్న వాదన చేయొచ్చనేవాళ్లది. దీన్ని తీసిపారేయలేం. కానీ నీళ్లు పోసుకోగల లాభం ట్యూబులర్‌కూ ఉంది.

లిథియం ఇంకొకటి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నాలుగు సెల్స్ కలిపి 12.8 వోల్టులు, చూడ్డానికి నేరుగా సరిపోయేట్టే ఉంటుంది. లోతైన వాడకాన్ని వేల సార్లు తట్టుకుంటుంది, అంటే కారు బ్యాటరీ ప్రధాన లోపం దీనికి లేదు. చిన్న ఛార్జరు, వేడెక్కే డబ్బా, తెర లేని టెర్మినళ్లు మాత్రం అలాగే ఉంటాయి. బ్యాటరీ మారినా ఆ మూడూ మారవు. మొన్నటిదాకా కారు బ్యాటరీ గురించి అడిగినవాళ్లు ఇప్పుడు లిథియం గురించి అడుగుతున్నది అదే ప్రశ్న.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ల్యాప్‌టాప్‌లో సొంత బ్యాటరీ ఎలాగూ ఉంటుంది, ఆగేది వైఫై రూటర్. చాలా రూటర్లు 12 వోల్టులతోనే నడుస్తాయి. 12ను 230 చేసి, మళ్లీ 12 చేసే బదులు చిన్న డీసీ బ్యాకప్‌తో నేరుగా నడపడం తేలిక. రేపు ఈ వాదంలో సగం అటు జరిగిపోవచ్చు.

చివరిది కొనేవాళ్ల చేతిలో లేనిది. చిన్న యూపీఎస్ డబ్బా మీద వీఏ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ వాదం మొత్తం ఆధారపడిన మూడు సంగతులు సాధారణంగా కనిపించవు: ఛార్జర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, పూర్తి లోడు మీద ఎన్ని నిమిషాలు ఆపకుండా నడపవచ్చు, బ్యాటరీ టెర్మినళ్లకు మెయిన్స్‌తో తెర ఉందా లేదా. ఇవి అచ్చు వేయడానికి మూడు లైన్లు చాలు. డబ్బా మీద అంత చోటు ఉంది.